వేలికొస

వేలికొసల తోలు మళ్ళీ వస్తుందట, వచ్చినప్పుడు పాత గీతలతోనే వస్తుందట; అందుకే ఆపకుండా రుద్దుతూ ఉండాలన్నాడు బావమరిది. మనిషి ఒంటి మీద ఇంత మొండిది ఇంకేముంటుంది? ఇల్లు చేజారింది. పనిచేసిన దేశం మెడపట్టి గెంటింది. అప్పిచ్చినవాడు పలకరింపు మానేశాడు. ఈ గీతలు మాత్రం వదలవు.

టైల్సు మేస్త్రీ గరుకు కాగితాన్ని జేబులోకి తోసి, ఎదురింటివాళ్ళ వంటగదిలో మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తిరిగొచ్చాక దొరికిన మొదటి పని. వేళ్ళు మండిపోతున్నాయి.

ఆ దేశంలో, వీసా లేనివాళ్ళ కోసం తనిఖీవాళ్ళు వచ్చినరోజూ ఇలాగే కూర్చుని ఉన్నాడు. తోటివాళ్ళు వెనకగోడ దూకేశారు. అప్పుడే అతికించిన టైలు ఓ మూల లేచిందని, సిమెంటు బిగుసుకుంటే మరి లొంగదని, అతనొక్కడూ ఆగి నొక్కాడు. ఆ వేళ్ళ ముద్రలే తీసుకుని విమానం ఎక్కించారు. ఇప్పుడు వేరే పేరుతో వెళ్ళాలంటే అక్కడి యంత్రం వాటిని గుర్తుపట్టకూడదు.

"పోలీసులొచ్చినా గచ్చు చదును చేసుకునే మహానుభావుడు!" అంది భార్య, సిమెంటు తట్ట దింపుతూ. పరిచిన వరస మీద రెండడుగులు వేసి ఆగిపోయింది. "ఏమయ్యా, ఇక్కడ కాలికి తగులుతోంది."

"తగలదు. చూసే పెట్టాను."

"చూస్తే ఏం తెలుస్తుంది? తడుము."

తడిమాడు. మంట తప్ప ఏమీ తెలియలేదు. కాగితమంత తేడాని కళ్ళు మూసుకుని పట్టే వేలు అది. ఇంకో వేలు పెట్టాడు. ఇంకోటి. ఆమె వంగి, అతని చెయ్యి పట్టుకుని సరిగ్గా ఆ అంచు మీదే ఆనించింది. అప్పుడూ తెలియలేదు. ఆమె ముఖంలో వేళాకోళం ఆరిపోయింది.

అక్కడికెళ్ళి ఏ వేళ్ళతో పనిచేస్తాను?

"బావా!" గుమ్మంలో బావమరిది. "ఏజెంటు బండిలో ఉన్నాడు. నీ వేళ్ళు చూస్తాడట. ముందు నన్ను చూడనీ."

"కాస్త ఆగరా," అంది అక్క.

"ఆగితే ఆ వీసా ఇంకోడు తన్నుకుపోతాడక్కా. ఇక్కడ ఎన్ని వంటగదులు పరిస్తే మీ అప్పు తీరుద్ది? చాపు బావా, చెయ్యి."



మేస్త్రీ జేబులోంచి గరుకు కాగితం తీసి, బావమరిది చాచిన అరచేతిలో పెట్టాడు. బయట హారన్ మోగింది. తాపీ మొనతో టైలును పెకలించాడు. కింద సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. హారన్ మళ్ళీ మోగింది. టైలును మళ్ళీ పరిచి, భార్య చూపుడువేలు పట్టుకుని అంచు మీద ఆనించాడు.

"నేను నొక్కుతుంటాను. ఎటు లేచిందో నువ్వు చెప్పు."