గేలెన్ కబురేమిటి

వెన్న రాసినా పోదు ఈ బంక, వెన్నేమిటి, వంటనూనె అయింది, కిరసనాయిలు కూడా అయింది, ఫర్ చెట్టు బంక వేలికి ఒకసారి అంటుకుందంటే క్రిస్మస్ వెళ్ళిపోయేదాకా వదలదు, పోనీలే మనుషులకంటే నయం, అనుకుంది లోర్నా, అనుకుని ఆ మాట ఎటు పోతోందో తెలిసి చప్పున దాన్ని అక్కడే తుంచేసి, లైబ్రరీ మెట్ల మీద బూట్లకంటిన మంచు దులుపుకుంది, మూడో మెట్టు దగ్గర కుడి మోకాలు ఎప్పటిలాగే మొరాయించింది, తలుపు పిడి పట్టుకుందామంటే వేళ్ళు ముడుచుకోవు, పొద్దుట్నుంచి ఇనుప రింగులకి కొమ్మలు పెట్టి తీగ చుట్టీ చుట్టీ అవి కొయ్యబారిపోయాయి, డజను క్రిస్మస్ దండలు కడదామని కూర్చుంటే అయినవి నాలుగు, అందులో ఒకటి కోలగా వచ్చింది, కోలగా ఉన్న దండని ఏ మారాజు తన తలుపుకి కట్టుకుంటాడు, భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి వచ్చేసరికి వెచ్చదనం మొహానికి కొట్టి కళ్ళద్దాలు మసకబారాయి, ఆ మసకలోంచే బల్ల వెనక ఎవరెట్ గొంతు, రామ్మా లోర్నా, గేలెన్ కబురేమిటి, మొగుడు మాట ఎత్తగానే నోట్లో తయారుగా ఉండే జవాబు బయటికొచ్చింది, బానే ఉన్నాడండీ, అక్కడ మనకంటే చలట, అలాస్కా కదమ్మా, ఉండదూ మరి, అన్నాడు ఎవరెట్, అని మళ్ళీ పుస్తకాలకి ముద్రలు కొట్టుకోవడంలో పడ్డాడు, డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలాయన, ఆరేళ్ళుగా ఇదే ప్రశ్న, ఆరేళ్ళుగా ఇదే జవాబు, చలికాలమైతే చలట అంటుంది, వేసవైతే అక్కడ పొద్దే గుంకదట అంటుంది, ఈయనకి అడగడానికి ఇంకేమీ దొరకదా అని ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది, ప్రతిసారీ నవ్వుతుంది.

కిటికీ పక్క బల్ల దగ్గర డెనీస్ ఫోను చెవికి ఆనించుకునే చెయ్యి ఊపింది, కూర్చోండి ఆంటీ, వీళ్ళు లైన్లో ఉండమని ఇరవై నిమిషాలయింది, పాట వేసి పోయారు, అంది, ఆ పాట ఫోనులోంచి సన్నగా ఇక్కడికీ వినిపిస్తోంది, ఒకే ముక్క, అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది, రాష్ట్రం వాళ్ళు పెట్టిన ఆరోగ్య ఇన్సూరెన్స్ అంగడి ఇది, అంగడని పేరే గాని అక్కడ త్రాసు లేదు, బేరం లేదు, కంప్యూటర్ తెర మీద గళ్ళు, ఒక గడి నింపితే రెండు గళ్ళు పుడతాయి, ఆ గళ్ళు నింపిపెట్టడానికే ఈ పిల్ల బుధవారం బుధవారం ఊరికి వస్తుంది, పిల్లేమిటి ముప్పై దాటాయి, కానీ వాళ్ళమ్మా తనూ పక్కపక్కన కూర్చుని పీతల కండ ఒలుస్తుంటే బల్ల కింద పెంకులతో ఆడుకున్న డెనీసే కళ్ళముందు ఉంటుంది, అప్పుడు తన వేళ్ళు ఎంత చురుగ్గా ఉండేవి, గంటలో రెండు సేర్ల కండ, ఒక్క పెంకు ముక్క పంటికి తగిలేది కాదు, ఇప్పుడు సంచీ జిప్పు లాగాలంటే పళ్ళతో పట్టుకోవాలి, కీళ్ళవాతం, డాక్టరు దానికి పొడుగాటి పేరేదో చెప్పాడు, రెండు వారాలకో సూది, తొడ మీద తనే పొడుచుకుంటుంది, సూది పడినన్నాళ్ళు చేతులు చేతుల్లా ఉంటాయి, ముసలివాళ్ళని ఉంచుకుని చూసే నర్సింగ్ హోమ్ వంటింట్లో పంతొమ్మిదేళ్ళు చేసింది, వాళ్ళ ఇన్సూరెన్సే ఆ సూదులు కొనిపెట్టింది, సెప్టెంబరులో నర్సింగ్ హోమ్ మూసేశారు, ముసలివాళ్ళని బస్సెక్కించి ఎక్కడికో తీసుకుపోయారు, నవంబరుతో ఇన్సూరెన్స్ ఆగిపోయింది, ఫ్రిజ్‌లో పచ్చళ్ళ సీసా వెనక ఇంక ఒక్క సూది ఉంది, పొదుపు చేద్దామని వారం ఆలస్యంగా వేసుకుంటూ వచ్చింది, అందుకే ఈ కొయ్యబారడం, సోమవారంతో గడువు, సోమవారంలోగా కాగితం పంపితే జనవరి ఒకటి నుంచి ఇన్సూరెన్స్, లేకపోతే ఫిబ్రవరి, ఫిబ్రవరి దాకా ఈ చేతులు ఎవరు మోస్తారు.

అసలు పోయిన బుధవారమే అయిపోవలసిన పని, అదే సిగ్గు, ఇదే కుర్చీ, పేరు, పుట్టినరోజు, పొగాకు అలవాటుందా, అన్నీ చకచకా అయిపోయాయి, తర్వాత డెనీస్ తెర వైపు చూస్తూనే, పెళ్ళయిందా అని అడుగుతోందాంటీ ఇది, అంది, ఆ 'ఇది' ఎంత మర్యాదగా అందో, అడుగుతున్నది తను కాదు, యంత్రం, అయింది, అంది లోర్నా, కాలేదని ఎలా అంటుంది, వేలికి ఉంగరం ఉంది, కీళ్ళు వాచి అది ఎలాగూ రాదు, ఆయన ఇక్కడ ఉండరు కదా, అంది డెనీస్, పని మీద వెళ్ళాడు, అంది, అప్పుడు తెర మీద కొత్త గడి తెరుచుకుంది, భర్త సంపాదన ఏడాదికి ఎంత, తెలీదు అనొచ్చు, అంటే సరిపోయేది, కానీ అవతల బల్ల దగ్గర ముద్రలు కొడుతున్న ఎవరెట్ చెవులు ఎటున్నాయో, ముద్ర చప్పుడు కాస్త నెమ్మదించినట్టనిపించింది, నోరు దానంతటదే తెరుచుకుని లక్షా పది వేలు అనేసింది, లక్షా పది వేల డాలర్లు, ఆ అంకె ఎక్కడిది, మూడేళ్ళ కిందట చర్చిలో శనివారం బీన్స్ భోజనాల దగ్గర డెనీస్ వాళ్ళమ్మ, అలాస్కాలో బాగా ముడుతుందటగా, అంటే, ఆఁ, ఈసారి లక్షా పదీ, అని రొట్టె మీద వెన్న రాసుకుంటూ తను గొప్పలకి పోయిన అంకె, అదే వచ్చి ఇక్కడ గడిలో కూర్చుంది, యంత్రం కాసేపు గిరగిరా తిరిగి, మీ కుటుంబ ఆదాయం ఎక్కువ, మీకు రాయితీ రాదు, నెలకి పదకొండు వందలు కట్టుకోండి, అంది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి చేతిలో డాలరు నిలిచింది లేదు, పోయాక ఇంత ధనవంతుడయ్యాడు, తను అల్లిన అబద్ధమే తన గొంతుకి చుట్టుకుంది, డెనీస్ ఏదో మీట నొక్కి, ఇవాళ్టికి వదిలేద్దాం ఆంటీ, వచ్చే బుధవారం తాజాగా చూద్దాం, అంది.

ఆరేళ్ళ కిందటి మార్చి నెల అది, మంచు కరిగి పెరడంతా బురద, ట్రక్కు ఇంజను చాలాసేపు మొరాయించి అంటుకుంది, నాలుగు నెలలు లోర్నా, అక్కడ ఒక్క సీజను చేస్తే ఇక్కడి మూడేళ్ళ లాబ్‌స్టర్ వేటతో సమానం, అన్నాడు గేలెన్, పడవ అప్పటికే అమ్మేశాడు, లాబ్‌స్టర్లు పట్టే బోనులు మాత్రం పెరట్లో దొంతర పెట్టి వదిలేశాడు, బోనులున్నాయి కదా వస్తాడులే అనుకుంది, వెర్రిది, పాత బోనుల కోసం ఎవడొస్తాడు, అలాస్కాలో కోడియాక్ రేవు నుంచి ఒక్క ఫోను, గాలి హోరులో సగం మాటలు వినపడలేదు, వినపడని ఆ సగంలో ఏమన్నా చెప్పాడేమో అని ఎన్నాళ్ళు కొట్టుకుంది, తర్వాత ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది, ఇంకోటి రాస్తే తిరిగొచ్చింది, మూడోదీ అంతే, పడవ కంపెనీకి ఫోను చేస్తే ఎవరో అమ్మాయి, ఆయన జులైలోనే లెక్క తీసుకుని వెళ్ళిపోయాడండీ, మీకు చెప్పలేదా, అంది, మీకు చెప్పలేదా అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయినందుకు తల కొట్టేసినట్టయింది, సముద్రంలో పోయినా బాగుండేది, అని ఒకరోజు అనుకుంది, నిజంగానే అనుకుంది, పోతే ఊరంతా వండినవి బేకింగ్ డిష్‌లలో పట్టుకుని పరామర్శకి ఇంటికొచ్చేవాళ్ళు, చర్చి గంట కొట్టేవాళ్ళు, తను నల్ల కోటు వేసుకుని నిలబడేది, వదిలేసి పోయినవాడికి ఏ గంట కొడతారు, అందుకే ఆ ఏడాది బీన్స్ భోజనాల దగ్గర మొదటిసారి ఎవరో అడిగితే, ఇంకో సీజను ఉంటానన్నాడు, అనేసింది, అంతే, ఆ తర్వాత ప్రతి ఏడూ ఇంకో సీజను, దానికి చలి కావాలి, వానలు కావాలి, పంపిన డబ్బు కావాలి, ఒకసారి పన్నునొప్పి కూడా తెప్పించింది పాపం అతనికి, ఎంత శ్రమ, దండలు కట్టడం కంటే ఎక్కువ శ్రమ, ఈ పొద్దున బయల్దేరుతూ అల్మరాలోంచి గోధుమరంగు కవరు తీసి సంచీలో పెట్టుకుంది, నర్సింగ్ హోమ్ వాళ్ళ కాగితం అయ్యుంటుందిలే అని తనకి తనే చెప్పుకుంది, కానీ అందులో ఉన్నవి ఆ మూడు ఉత్తరాలని చేతులకి తెలుసు.

పాట ఆగింది, ఎవరో పలికారు, డెనీస్ గొంతు తగ్గించి చాలాసేపు ఊఁ, ఊఁ, అలాగా, రాసుకుంటున్నా, అంటూ విని, ఫోను పెట్టేసి కుర్చీ దగ్గరికి లాక్కుంది, మీ పేరు చెప్పలేదాంటీ, ఊరికే ఒకావిడ ఉందని అడిగాను, అంది, ఒకావిడ భర్త వెళ్ళిపోయాడనుకోండి, ఎక్కడున్నాడో తెలీదు, వెతికింది, దొరకలేదు, అలాంటప్పుడు ఆవిడ ఈ గడిలో పెళ్ళి కాలేదనే పెట్టుకోవచ్చట, మోసం కాదు, చట్టమే ఒప్పుకుంది, ఆయన సంపాదన అడగరు, ఆవిడది ఒక్కటే చూస్తారు, దానికి వాళ్ళ దగ్గర ఒక మాట కూడా ఉంది, ఏం మాట, అంది లోర్నా, డెనీస్ పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి, భర్త వదిలేసిన మనిషి, అంది, అని వెంటనే, అలాంటావిడ మీకెవరైనా తెలిస్తే చెబుతారని, అంది, ఎంత మంచి పిల్ల, తలుపు తీసి పట్టుకుని అటు తిరిగి నిలబడినట్టుంది, కావాలంటే రావచ్చు, రాకపోతే చూడనట్టే, మరి పోయిన వారంది పంపేశావు కదా, ఇప్పుడు మారిస్తే నన్ను అబద్ధాలకోరంటారేమో, అంది లోర్నా, అది పంపలేదాంటీ, పంపే మీట నేను నొక్కలేదు, ఎందుకని, అంటే డెనీస్ కిటికీలోంచి బయట మంచు కేసి చూస్తూ, ఏమో, ఊరికే, అంది.

వదిలేసిన మనిషి, వదిలేసిన బోనుల్లాగా, ఆరేళ్ళు ఈ మాట ఎవరి నోటా రాకుండా కాపలా కాసింది, ఇప్పుడది బల్ల మీద కాగితాల మధ్య మామూలుగా పడి ఉంది, ఒక గడి పేరు, అంతే, లోర్నా తన చేతుల వంక చూసుకుంది, బంక నల్లగా గీతల్లోకి దిగిపోయింది, చూపుడువేలు ఒక పక్కకి ఒరిగిపోతోంది, శుక్రవారం ఆఖరి సూది, ఆ తర్వాత తీగ చుట్టడం ఈ చేతుల వల్ల కాదు, జనవరిలో తలుపు పిడి తిప్పడం కాదు, ఫిబ్రవరిలో గుండీలు పెట్టుకోవడం కాదు, గేలెన్‌కి పన్నునొప్పి తెప్పించడానికి మాత్రం చేతులు అక్కర్లేదు, కానీ దానికీ ఇంక ఓపిక లేదు, నిజంగా లేదు, అలసిపోయింది, ఆ ఒకావిడని నేనే డెనీస్, అంది, వెళ్ళిపోయాడు, ఆరేళ్ళయింది, ఎక్కడున్నాడో నాకు తెలీదు, గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది, అవతల ముద్ర చప్పుడు ఆగిపోయింది, ఆ, విన్నాడు, ఇంక ఇల్లు కూలినట్టే, పైకప్పు ఇప్పుడు మీద పడుతుంది, అని మెడ ముడుచుకుని కూర్చుంది, ఏమీ పడలేదు, హీటరు గురగురమంటూనే ఉంది, డెనీస్ సరే ఆంటీ అని ఒక గడి మార్చింది, లోర్నా పళ్ళతో జిప్పు లాగి కవరు తీసి, ఇవిగో, వెతికాను, నిజంగా వెతికాను, అంది, ఇప్పుడు అక్కర్లేదాంటీ, దాచుకోండి, రేపు ఆదాయప్పన్ను వాళ్ళు అడిగితే చూపిద్దురుగాని, ఇక్కడ మీ మాట చాలు, అంది డెనీస్, యంత్రం మళ్ళీ గిరగిరా తిరిగింది, ఈసారి నెలకి ఎనభై ఏడు డాలర్లు, సూదులు కూడా అందులోనే, పంపే మీట మీరే నొక్కాలి, అంటే నొక్కింది, వేలు బంకతో మీటకి అంటుకుపోయి ఊడి రానంది, ఇద్దరూ నవ్వారు, నవ్వుతుంటే లోర్నాకి ఏడుపొచ్చింది, డెనీస్ అది చూడనట్టు మీట తుడుస్తూ కూర్చుంది.

కోటు వేసుకుని తలుపు వైపు నడుస్తూ ఉంటే ఎవరెట్ బల్ల దాటాలి, వేరే దారి లేదు, ఇప్పుడడుగుతాడు, లేదా ఇంక ఎప్పటికీ అడగడు, రెండిట్లో ఏది ఎక్కువ భయమో తెలియక, అలవాటు కొద్దీ బానే ఉన్నాడండీ అన్న మాట నాలుక మీద తయారుగానే ఉంచుకుంది, ఎవరెట్ ముద్ర పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి, చేతులెలా ఉన్నాయమ్మా లోర్నా, అన్నాడు, అదే గొంతు, గేలెన్ కబురేమిటి అని అడిగే అదే గొంతు, అణువంత తేడా లేదు, ఆ గొంతు విని లోర్నా కాళ్ళు ఆగిపోయాయి, ఈ ముసలాయనకి గేలెన్ అంటే ఏనాడూ గిట్టేది కాదు కదా, తీసుకున్న పుస్తకం తిరిగివ్వని వెధవ అని మొహం మీదే తిట్టాడు కదా, ఈయనకి వాడి చలీ వాడి సంపాదనా ఎందుకు, డెనీస్ వాళ్ళమ్మకి ఎందుకు, చర్చిలో అందరికీ ఎందుకు, వీళ్ళకి ఎప్పట్నుంచి తెలుసు, మొదట్నుంచీ తెలుసు, తను ఏ తలుపు తెరిచి పెడితే ఆ తలుపు దగ్గరే నిలబడి పలకరించారు, గేలెన్ కబురేమిటి అని ఆరేళ్ళుగా ఈ ఊరు అడుగుతూ వచ్చింది తన కబురే, నువ్వెలా ఉన్నావు అనే, ఆ ప్రశ్నకి ఆరేళ్ళుగా తను ఒక్కసారీ జవాబు చెప్పలేదు, నొప్పిగా ఉన్నాయండీ, అంది లోర్నా, చాలా నొప్పిగా ఉన్నాయి.