అంగీకరించిన వయసు

"ముప్పై నాలుగా? మళ్ళీ మొదలెట్టావా? ఇరవై ఆరు వేస్తున్నాను. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్ళు మండుతున్నాయి. భర్త అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాన్ని ఆమె మోచేతి దగ్గరికి జరిపి, పెన్ను మూత కూడా తనే తీసి అందించాడు. ఇంతటి మర్యాద ఆ ఇంట్లో మరే పనికీ చేయడు. ఆమె కత్తి పక్కన పెట్టి, చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని సంతకం పెట్టింది. దక్షిణ ధ్రువం చుట్టూ ఉండే మంచు సముద్రంలో ముప్పై నాలుగేళ్ళు బతికిన ఒక చేప, ఈ వంటగట్టు మీద ఎనిమిదేళ్ళు పోగొట్టుకుంది. ఆయన కాగితం మీద పడ్డ నీటి చుక్కని ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇదేం గోలో వినేవాళ్ళకి అర్థం కాదు కాబట్టి చెప్పాలి. ఆలుమగలిద్దరూ ఒకే సముద్ర పరిశోధన సంస్థలో, ఒకే హోదాలో పనిచేస్తారు. పని, చేపలకి వయసు కట్టడం. చేప తలలో, చెవి ఉండే చోట, చింతగింజంత రాయి ఉంటుంది. దాన్ని ఓవెన్‌లో తేనెరంగు వచ్చేదాకా కాల్చి, పలచగా కోసి, నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెడితే ఏడాదికొకటి చొప్పున వలయాలు కనిపిస్తాయి. కాల్చే పని మొదటి రోజు నుంచీ ఆమెదే. "మాడకుండా దించడం మీ ఆడవాళ్ళకి అలవాటే కదమ్మా" అని డైరెక్టరుగారు నవ్వుతూ తేల్చేశారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఏమనుకుంటారో అని నవ్విన నవ్వులన్నీ పోగేస్తే ఓడకెత్తాల్సిందే.

ప్రతి రాయినీ ఇద్దరు విడివిడిగా చదవాలి. ఒకరి అంకె ఒకరికి తెలియకూడదు. ఎవరి చీటీ వాళ్ళు రాసి ఫైల్లో పెట్టాలి. తేడా వస్తే ఇద్దరూ కలిసి చూసే పెద్ద మైక్రోస్కోపు ముందు కూర్చుని, వలయం వలయం వేలుపెట్టి చూపించుకుని ఒక మాటకి రావాలి. ఆ అంకెని 'అంగీకరించిన వయసు' అన్న గడిలో రాయాలి. ఎంతకీ కుదరకపోతే ఆ రాయి వేరే దేశంలో ఉన్న మూడో మనిషికి వెళ్ళాలి. నియమం చక్కగానే ఉంది. రాసినవాళ్ళు పాపం, చదివే ఇద్దరూ మొగుడూ పెళ్ళాలవుతారని అనుకుని ఉండరు.

"మాకెందుకండీ ఆ పెద్ద మైక్రోస్కోపు, ఇంటి దగ్గర తేల్చేసుకుంటాం" అనేవాడు ఆయన, నలుగురిలో. నలుగురూ నవ్వేవారు. తొమ్మిదేళ్ళలో ఒక్క రాయి కూడా మూడో మనిషికి వెళ్ళలేదు. అంత అన్యోన్యంగా చదివే జంట మరెక్కడా లేదని డైరెక్టరుగారు ఏటా నివేదికలో మెచ్చుకునేవారు.

ముసలి చేపకి చివరి వలయాలు అంచున ఇరుక్కుని ఉంటాయి. ఓపిగ్గా వెలుతురు మార్చి మార్చి చూస్తే గానీ విడివడవు. ఆమె చూసేది. ఆయన ఒక్క చూపుకి అందినవి లెక్కపెట్టి లేచేవాడు. "అంచున ఉన్నవి వలయాలు కావు, నీ భ్రమ" అనేవాడు. భ్రమ అన్నది ఆయనకి ఇష్టమైన మాట. ఆమెకి నడుం నొప్పి భ్రమ. అలసట భ్రమ. ఆడపడుచు పెళ్ళిలో అందరి ముందూ తనని విసుక్కున్నాడని బాధపడితే అదీ భ్రమే.

చేప వయసు తగ్గిస్తే ఏమవుతుంది? గబగబా పెరిగే జాతి అని లెక్కకొస్తుంది. గబగబా పెరిగేదైతే మరిన్ని పట్టుకోవచ్చు. ఏటా దేశాలన్నీ కూర్చుని, ఆ సముద్రంలో ఎన్ని టన్నులు పట్టవచ్చో తేల్చే కమిషన్ ముందుకి వెళ్ళేది ఈ అంకెలే. ఆ చేపని తిని బతికే సీళ్ళకీ తిమింగలాలకీ మిగిలేది ఎంతో కూడా వీటివల్లే తేలుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన ఇంట్లో గెలిచిన కాగితాలు పట్టుకునే రచ్చకి వెళ్ళేవాడు. విమానం టిక్కెట్టు ఎప్పుడూ ఆయనకే వచ్చేది. పెట్టె ఎప్పుడూ ఆమే సర్దేది.

ఎదురు తిరగలేదా అంటే, తిరిగింది. మొదటి ఏడాది ఒక రాయి దగ్గర గట్టిగా పట్టుబట్టింది. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని, ఉప్పు కావాలన్నా కూతురితో చెప్పించాడు. అత్తగారు కల్పించుకుంది. "ఆ చేప నీకు మేనమామా, పినతండ్రా? దానికి ఎన్నేళ్ళుంటే నీకెందుకే అమ్మాయ్! వాడు ముద్ద సరిగ్గా తినడం లేదు, ఒప్పేసుకో." ఒక్క చేప కోసం ఇల్లంతా మూతి ముడుచుకోవడం దేనికని ఆమె ఒప్పుకుంది. మరుసటి వారం రెండు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసింది. లోపల మాత్రం కుమిలిపోయేది. కాఫీ కప్పు కడుగుతూ కడుగుతూ ఆగిపోయి, ముప్పై ఏడు, అది ముప్పై ఏడే, అని గొణుక్కునేది.

ఈ ఏడు ఓడ తెచ్చిన రాళ్ళలో ఒకదాని సంగతి వేరు. ఇద్దరూ చదివి చీటీలు ఫైల్లో పెట్టాకే డైరెక్టరుగారు సీలు వేసిన కవరు విప్పారు. ఆ చేపని పద్నాలుగేళ్ళ కిందటే ఒకసారి పట్టి, బిళ్ళ గుచ్చి, మందు సూది వేసి నీళ్ళలో వదిలేశారట. మందు గుర్తు రాతిలో అలాగే ఉండిపోతుంది, అతినీల కాంతిలో పెడితే మెరుస్తుంది. ఆ మెరుపు గీత నుంచి అంచుదాకా సరిగ్గా పద్నాలుగు వలయాలుండాలి. ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

చేపకి రాళ్ళు రెండు. కాలిస్తే ఆ మెరుపు పోతుంది కాబట్టి, కాల్చకుండా దాచిన రెండో రాయిని ఆమె కోసి కాంతిలో పెట్టింది. పసుపచ్చటి గీత మెరిసింది. తను గుర్తులు పెట్టుకున్న బొమ్మని పక్కన పెట్టి లెక్కపెట్టింది. ఆమె మొత్తం ముప్పై ఒకటి చదివింది, గీత దాటాక పద్నాలుగు. ఆయన ఇరవై ఐదు చదివాడు, గీత దాటాక ఎనిమిది. ఆమె మూడుసార్లు లెక్కపెట్టుకుంది. అయ్యో, నా కళ్ళకేం రోగం లేదు! గట్టిగా ఏడవాలనిపించింది. సంతోషమే అది, కానీ తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చిన సంతోషం చేదుగానే ఉంటుంది.

ఆయన వచ్చి చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, కుర్చీ లాక్కుని, ఎంతో దయగా చెప్పాడు. "నా చీటీ మళ్ళీ రాస్తాను. ముప్పై ఒకటని. ఇద్దరం ఒకే అంకె చదివినట్టవుతుంది. గీత పరీక్షలో నెగ్గాం కాబట్టి మన చదువు సరైనదని రుజువవుతుంది, తొమ్మిదేళ్ళ లెక్కలన్నీ నిలబడతాయి. పై వారం కమిషన్‌లో నేనే చెబుతాను. నీ పేరు కూడా వేస్తాలే."

"నిలబడేవి మీ లెక్కలు కదా?" అంది ఆమె.

"నీదేంటి, నాదేంటి? మనిద్దరిదీ ఒకటే కదా!"

మామూలు రోజైతే ఆ మాటకి ఆమె మెత్తబడేదే. ఇవాళ ఒళ్ళు మండిపోయింది. తన కళ్ళు కనిపెట్టిన ఒక్క నిజాన్ని తెచ్చి, ఆయన చెప్పిన వందల అబద్ధాలకి దన్నుగా నిలబెడతాడట! అంతకంటే ఎక్కువగా కాల్చింది ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళూ తనకే అన్యాయం జరిగిందనుకుని ఏడ్చుకుంది. వలల్లో పడ్డ చేపలకి ఆ ఏడుపు పనికొచ్చిందా? ప్రతి కాగితం మీదా కింద ఉన్నది ఎవరి సంతకం? ఆయన తప్పు చదివాడు సరే, ఆయన కళ్ళకి అంతే కనిపించింది. కనిపించీ తప్పు సంతకం పెట్టింది తను.

ఆమె లేచి డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. దిద్దుబాటు పత్రాలు కావాలంది.

"ఎన్నమ్మా?"

"పాత ఫైళ్ళు చూసి చెప్తానండి. ఆరు వందలకి తక్కువుండవు."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఇంట్లో మాట్లాడుకున్నారా?"

"తొమ్మిదేళ్ళూ ఇంట్లోనే మాట్లాడుకున్నామండి" అంది.

మరునాడు పొద్దుటి నుంచి ఫైళ్ళు ముందేసుకుని కూర్చుంది. చీటీలన్నీ ఉన్నాయి. ఒక్కో రాయికీ ఆమె అంకె, ఆయన అంకె, అంగీకరించిన వయసు. ఎక్కడ చూసినా అంగీకరించింది ఆయన అంకెనే. మొత్తం ఆరువందల పదకొండు. దిద్దుబాటు పత్రంలో చివర ఒక గడి ఉంది: 'అప్పట్లో అంగీకరించడానికి కారణం.' మిగతావాళ్ళు అక్కడ 'రాయి సరిగ్గా కనిపించలేదు' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆమె కాసేపు ఆలోచించింది. కారణం అడిగారు కదా, అనుకుని రాయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఆయన వచ్చి భుజం మీదుగా చదివాడు. 'పాపకి జ్వరం, తొందరగా పడుకోబెట్టాలి.' 'ఇంటికి చుట్టాలొచ్చారు, వాళ్ళ ముందు వాదించలేక.' 'ఇస్త్రీ చేస్తున్నాను, చూడకుండా పెట్టాను.' 'ఆ రోజు ఆయన మంచి మాట మాట్లాడారు, పాడు చేసుకోవడం ఇష్టంలేక.'

"పిచ్చా నీకు? ఇవన్నీ కమిషన్‌కి వెళ్ళే కాగితాలు! దేశదేశాలవాళ్ళు చదువుతారు. నా పరువు సంగతి అలా ఉంచు, నీ ఉద్యోగం ఉంటుందా? ఆరువందల పదకొండింటి మీదా నీ సంతకమే ఉంది!"

"తెలుసు," అంది ఆమె, తల ఎత్తకుండా. "నావి కాబట్టే వెనక్కి తీసుకుంటున్నాను."