ఉప్పుకాగితం మీద గింజలు

గర... గర... గర...

ఉప్పుకాగితం మీద గింజల చప్పుడు.

పైపొట్టు గీరుకుపోయేదాకా రుద్దాలి.
తడి ఇసుకలో కలపాలి.
ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక పెట్టి, చలికాలం వచ్చిందని గింజల్ని నమ్మించాలి.
లోతైన డబ్బాలో నాటాలి — ఆ మొక్కకి పైన కంటే కిందే పని ఎక్కువ.
మొదటి ఏడాది పువ్వు అడక్కూడదు.
ఎండిపోతే ఏడవకూడదు. అది చావడం కాదు. వేరులోకి దిగి పడుకోవడం.

ఇవన్నీ చెల్లికి అక్క అప్పజెప్పిన పనులు. ఆసుపత్రి మంచం మీద, రొప్పుతూ, మధ్యమధ్య నవ్వుతూ.

రైలుకట్ట వాలులో పూసేది ఆ పువ్వు. ఊదారంగు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. పుస్తకాల్లో దానికేదో పేరుంది. అక్క మాత్రం "మొండిది" అనేది.

అమ్మ లేని ఇంట్లో చెల్లికి జడలు వేసిన అక్క. కట్టంతా సిమెంటు చేస్తారని తెలిసి, గుప్పెడు గింజలు కొంగున కట్టుకొచ్చిన అక్క.

ఇప్పుడు కట్ట మీద పువ్వు లేదు.

ఇంట్లో అక్క లేదు.

గుప్పెడు గింజలు... అంతే.

నాన్న గోడలకి రంగులేస్తాడు. ఉప్పుకాగితం ఆయనదే. ఖాళీ రంగుడబ్బాలూ ఆయనవే. చెల్లి అడక్కుండానే తీసుకుంది. ఎందుకని ఆయనా అడగలేదు.

ఆ ఇంట్లో అక్క మాట ఎత్తరు. ఎత్తితే నాన్న చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికితే గోడ మీద గీత వంకరపోతుంది. గీత వంకరపోతే పని పోతుంది.

అందుకని ఎత్తరు.

అక్క తల ఆనించుకుని కూర్చునేచోట గోడ మీద నూనె మరక. ఊరందరి గోడలూ నున్నగా చేసే మనిషి, ఆ మరకని మాత్రం ముట్టుకోలేదు.

గింజల్లో సగం కుళ్ళిపోయాయి. సగం మొలిచాయి. చిన్న చిన్న ఆకులు, వేలిగోరంత.

"పూలెప్పుడే అమ్మాయ్?" డాబా మీద బట్టలారేస్తూ పక్కింటి అత్తయ్య.

"వచ్చే ఏడు."

"పెళ్ళెప్పుడన్నా అదే మాట. నువ్వూ నీ మొక్కలూ సరిపోయారు."

ఎండలు ముదిరాయి. ఆకులు పసుపయ్యాయి. గోధుమరంగయ్యాయి. బూడిదయ్యాయి. ముట్టుకుంటే పుటుక్కున విరిగే కాడలు మిగిలాయి.

చెల్లి ఏడవలేదు. అక్క చెప్పింది కదా... రోజూ గుక్కెడు నీళ్ళు పోసి, అలా కాసేపు నిలబడి, కుట్టుపనికి వెళ్ళేది.

నాన్న చూశాడు.

చచ్చిన మొక్కలకి కూతురు నీళ్ళు పోయడం చూశాడు.

ఒక సాయంత్రం ఆమె వచ్చేసరికి డబ్బాలన్నీ కడిగి ఉన్నాయి. వాటిలో బ్రష్షులు నానుతున్నాయి.

"తీసేశాను తల్లీ. ఎండిపోయినవాటి ముందు నువ్వలా నిలబడితే చూళ్ళేకపోయాను. పాత సున్నం గీకితేనే కదమ్మా, కొత్త రంగు పట్టేది."

"మట్టి ఏం చేశావ్ నాన్నా?"

"కింద రాళ్ళగుట్ట మీద పోశాను. లారీ వచ్చి గుట్టంతా ఎత్తుకుపోయింది. ఎవరింటి ముందో గుంత పూడ్చాలట."

"వేళ్ళు... ఉన్నాయా?"

"ఏం వేళ్ళే అవి! డబ్బా అడుగు కరుచుకుని ఒక పట్టాన రాలేదు. మొండివి."

అక్క మాట. అక్క లేకుండా, ఆయన నోట.

చెల్లికి గొంతుదాకా వచ్చింది — అవి అక్కవి నాన్నా. బతికే ఉన్నాయి నాన్నా.

ఆయన చేతికేసి చూసింది. గోళ్ళలో ఇంకా మట్టి. చెయ్యి వణకడం లేదు.

"మంచిపని చేశావు," అంది.

ఆ మాటతో ఆయనకి ధైర్యం వచ్చినట్టుంది.

పొద్దున్నే లేచి ఉప్పుకాగితం తీశాడు. గోడ దగ్గర కూర్చున్నాడు. నూనె మరక మీద, మెల్లగా...

గర... గర... గర...

చెల్లి ఆపలేదు. జడ వేసుకుంటూ, అలా వింటూ నిలబడింది.

ఆ లారీ ఏ వీధికి పోయిందో ఆమెకి తెలీదు. పనికి వెళ్తూ ప్రతి గేటు ముందూ నేలకేసి చూసుకుంటూ నడుస్తుంది.

మీ ఇంటి ముందు ఎప్పుడైనా లారీమట్టి పోయించి ఉంటే... ఆ మట్టిలో ఎండుకాడ ఏదైనా నిలబడి ఉంటే... పీకేముందు ఒక్కసారి అక్కని తలుచుకోండి.

ఆ ఇంట్లో ఆమె మాట ఎత్తేవాళ్ళు లేరు.