గరుడ ఆగిన ఆదివారం

సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దిగాక హైవేకి అటొకటి ఇటొకటి రెండు పార్కులు ఉంటాయి. కుడివైపుది గౌతమీ విహార్. ముప్ఫై ఏళ్ల నాటిది. పెనుగొండ అమ్మవారి దర్శనం చేసుకున్న టూరిస్టు బస్సులన్నీ దాని ముందు ఆగుతాయి. ఎడమవైపుది వైనతేయ వండర్ పార్క్. పాలకొల్లులో కొబ్బరి వ్యాపారం చేసిన కుక్కుటేశ్వరరావు గారు మూడేళ్ల క్రితం కట్టించారు. అందులో గరుడ అనే రోలర్ కోస్టర్ ఉంది. అంత ఎత్తయినది చుట్టుపక్కల ఏ జిల్లాలోనూ లేదు. అయినా ఆదివారాలు కూడా వైనతేయ పార్కింగు సగం ఖాళీగానే ఉండేది.

ఎందుకు అన్నది భానుతేజ వాళ్ల వాట్సాప్ గ్రూపులో మూడేళ్లుగా తెగని చర్చ. భానుతేజ రాజమండ్రిలో ఒక స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్. ఇరవై ఏడేళ్లు. చిన్నప్పటి నుంచీ రైడ్లంటే పిచ్చి. ఆ పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి పెట్టుకున్నదే ఆ గ్రూపు. ఏప్రిల్లో ఒక శనివారం ముగ్గురు మిత్రులు వైనతేయ క్యాంటీన్లో కూర్చుని అదే మాట మళ్లీ మొదలుపెట్టారు.

"మా కొట్టు సంగతే చూడు," అన్నాడు ఉదయ్‌భాస్కర్. వాళ్లది పాలకొల్లులో పాత బట్టల కొట్టు. "పక్కనే ఏసీ షోరూం పెట్టారు. అయినా పెళ్లి బట్టలకి మా దగ్గరికే వస్తారు. వాళ్లమ్మ పెళ్లికీ మా దగ్గరే కొన్నారు కాబట్టి. గౌతమి కూడా అంతే. తాము చిన్నప్పుడు ఎక్కిన జెయింట్ వీలే తమ పిల్లలకి చూపించాలనుకుంటారు. దానికి రావు గారేం చేస్తారు పాపం?"

తబిత తల అడ్డంగా ఊపింది. ఆమె మిషన్ స్కూల్లో సైన్సు టీచరు. ఏటా పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకొచ్చేది ఆమే. "అంత దూరం వెళ్లక్కర్లేదు. ఇక్కడ నీడ లేదు. అరవై మంది పిల్లలతో వస్తే అన్నాలు ఎక్కడ పెట్టించను? గౌతమిలో వేపచెట్ల కింద బంతి వేసేస్తాను."

"చెట్లు చూడ్డానికి ఎవరొస్తారండీ," అన్నాడు భానుతేజ. "గరుడ ఎక్కడానికి వస్తారు. నేను పదకొండుసార్లు వచ్చాను. ఏడుసార్లు మూసి ఉంది. ఇవాళ్టితో ఎనిమిది. మనిషి ఒకసారి మోసపోయినట్టు అనుకుంటే రెండోసారి రాడు."

ఆ రోజూ గరుడ మెట్ల ముందు గొలుసు కట్టి ఉంది. గొలుసుకి అటువైపు నీలం టోపీ పెట్టుకున్న యాభై ఏళ్ల మనిషి నిలబడి తల పైకెత్తి పట్టాల వంక చూస్తున్నాడు. ఆయన మెయింటెనెన్స్ ఇన్‌చార్జి శ్యాంబాబు. భానుతేజ వెళ్లి అడిగాడు.

"ఎందుకాపేశారండీ?"

"గాలి ఉందండి."

"ఇదేం గాలండీ? ఆకు కూడా కదలట్లేదు."

"పైన ఉందండి," అని ఆయన మళ్లీ తల పైకెత్తాడు.

భానుతేజకి ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లి పెద్ద పోస్టు రాశాడు. ఏయే తేదీల్లో గరుడ మూసి ఉందో, ఏ రోజు ఏ కారణం చెప్పారో అన్నీ వరసగా పెట్టాడు. ఆఖర్న ఇలా రాశాడు. "వైనతేయ ఓడిపోతున్నది గౌతమి చేతిలో కాదు. ఒక మనిషి భయం చేతిలో. నీలం టోపీ పెట్టుకున్న ఆ మనిషి కింద నిలబడినంతకాలం గరుడ ఎగరదు." ఆ వాక్యం అతనికే బాగా నచ్చింది. పోస్టు గ్రూపు దాటి ఫేస్‌బుక్‌కి ఎక్కింది. వేలమంది షేర్ చేశారు. చాలామంది కింద తమ అనుభవాలు కూడా రాశారు. నీలం టోపీతో ఉన్న శ్యాంబాబు ఫొటో కూడా ఎవరో పెట్టారు.

జూన్ వచ్చేసరికి గరుడ రోజూ తిరగడం మొదలైంది. పార్కింగు నిండసాగింది. ఉదయ్‌భాస్కర్ గ్రూపులో రాశాడు. "భానూ, మూడేళ్ల చర్చ నువ్వు ఒక్క పోస్టుతో తేల్చేశావు." భానుతేజ గర్వంగా ఆ ఆదివారమే వెళ్లాడు. పొడవాటి క్యూలో నిలబడి ఎక్కాడు. దిగాక సీట్ల కడ్డీలు బిగించే ఆపరేటరు బుల్లబ్బాయితో, "ఇప్పుడు బాగుందండీ. మీ నీలం టోపీ సారు మారినట్టున్నారే," అన్నాడు నవ్వుతూ.

బుల్లబ్బాయి నవ్వలేదు.

"ఆయన్ని తీసేశారండి. ఎవరో ఇంటర్నెట్లో ఏదో రాశారంట. అది ప్రింటు తీసి ఆఫీసులో ఆయన చేతికే ఇచ్చి చదవమన్నారు. చదివి, మడతపెట్టి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. కొత్తాయన వారానికి రెండుసార్లు వస్తాడు."

ఆ మాటలు విన్నాక భానుతేజ దారికి అడ్డంగా అక్కడే ఉండిపోయాడు. వెనక మనిషి "కొంచెం జరగండి" అంటే జరిగాడు. తాను ఎవరి గురించి రాశాడో ఆ మనిషే దాన్ని చదువుకోవలసి వస్తుందని అతనికి ఏనాడూ తట్టలేదు. ఇంటికి వెళ్లి పోస్టు తీసేశాడు. కానీ అది అప్పటికే వందల చోట్ల ఉంది.

దాదాపు రెండు వారాలు ఊరుకున్నాడు. తర్వాత బుల్లబ్బాయి దగ్గర అడ్రసు తీసుకుని పాలకొల్లు వెళ్లాడు. చర్చి వెనక వీధిలో ఇల్లు. శ్యాంబాబు భార్య రూబీ తలుపు తీసింది. శ్యాంబాబు గారి కోసం వచ్చానంటే ఎవరని అడగలేదు, మంచినీళ్లిచ్చి, "చెరువు దగ్గరున్నారండి. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు రిపేరు చేస్తున్నారిప్పుడు," అని దారి చెప్పింది.

శ్యాంబాబు చెరువు గట్టు మీద గొంతుక్కూర్చుని, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ గేరుబాక్సు విప్పుతున్నాడు. ఇప్పుడు తల మీద టోపీ లేదు. జుట్టు బాగా నెరిసి ఉంది.

"నా పేరు భానుతేజండి. ఆ పోస్టు రాసింది నేనే."

శ్యాంబాబు తలెత్తి చూశాడు. చేతిలోని స్పానరు గుడ్డ మీద పెట్టాడు.

"కూర్చోండి."

"నన్ను క్షమించండి. మీ ఉద్యోగం పోతుందని నేను..."

"మూసేశానని రాశారు. అది నిజమే. భయపడ్డానని రాశారు. అదీ నిజమే." ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఎందుకని ఒక్కసారి అడిగుంటే బాగుండేదండి."

"అడిగాను. గాలి ఉందన్నారు."

శ్యాంబాబు తల ఊపాడు. "అవును. అంతే చెప్పాను. నాకు మాట్లాడ్డం రాదండి. అది నా తప్పు."

భానుతేజకి ఆ మాట ఇంకా బరువుగా తోచింది. చెరువులో మిగతా ఏరియేటర్లు చప్పుడు చేస్తూ నీళ్లు చిమ్ముతున్నాయి. తర్వాత అతను అడిగాడు. "ఎక్కడైనా, ఎప్పుడైనా ప్రమాదం జరగడం చూశారాండీ మీరు? అందుకేనా అంత జాగ్రత్త?"

"అందరూ అదే అడుగుతారు. లేదండి. ఇరవై రెండేళ్లు ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్ తిప్పాను. ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. ఏదో ఒకటి జరిగాకే భయపడాలా?"

భానుతేజ లేవబోతుంటే శ్యాంబాబు ఆపాడు. చెప్పాలా వద్దా అన్నట్టు చేతులు తుడుచుకున్నాడు.

"ఒక్క మాటండి. నాలుగో బోగీ. రెండో మలుపులో జనంతో నిండుగా ఉన్నప్పుడు టిక్కుమని చిన్న చప్పుడొచ్చేది. ఖాళీగా తిప్పితే రాదు. ఇరుసులో పగులేమోనని నా అనుమానం. పరీక్ష చెయ్యాలని అడిగాను. ఈలోపు నన్ను పంపించేశారు. కొత్తాయనకి ఫోన్ చేసి చెబితే, పాతవాళ్లంతా ఇలాగే అంటారని పెట్టేశాడు. రావు గారికి చేస్తే తీయలేదు. మీరు రాసింది చదివారు కదా ఆయన. మీరు చెబితే వింటారేమో."

మర్నాడు ఆదివారం. భానుతేజ పొద్దున్నే వైనతేయకి వెళ్లాడు. కుక్కుటేశ్వరరావు గారు ఆఫీసు గదిలో ఒంటరిగా ఉన్నారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, నుదుట విభూతి. కిటికీలోంచి క్యూ కనిపిస్తోంది. అది గరుడ మెట్ల నుంచి టికెట్ కౌంటరు దాకా ఉంది.

భానుతేజ అంతా చెప్పాడు. పెద్దాయన విని, "ఇదేంటి బాబూ," అన్నారు నెమ్మదిగా. "మొన్న మీరే కదా ఆయన భయస్థుడన్నారు? మూడేళ్లు నేను ఆయన మాటే విన్నాను. జనం తిట్టుకుంటూ వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి చూశాను. మీరు రాసినవి చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు మళ్లీ మీరే వచ్చి ఆపమంటున్నారు."

"నేను ఏమీ తెలీకుండా రాశానండి. ఇప్పుడూ తెలీదు. ఆయనకి తెలుసు."

కుక్కుటేశ్వరరావు గారు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. బయట బండి పైకెక్కుతున్న చప్పుడు, ఆ తర్వాత కేకలు. బండి ఒక చుట్టు పూర్తిచేసుకుని వచ్చి ఆగింది. ఆయన చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. భానుతేజ వెనకే వెళ్లాడు. పెద్దాయన మెట్ల దగ్గరికి వెళ్లి, తన చేత్తోనే గొలుసు కట్టి, క్యూ వైపు తిరిగి దండం పెట్టారు.

"ఇవాళ గరుడ ఆపేస్తున్నామండి. ఒక భాగం పరీక్ష చెయ్యాలి. దయచేసి టికెట్లు వెనక్కిచ్చి డబ్బులు తీసుకోండి."

ఒక్కసారిగా గోల లేచింది. భీమవరం నుంచి వచ్చామని ఒకరు, పిల్లలు ఏడుస్తున్నారని ఒకరు. ఇలాగే చేస్తారని ముందే తెలుసునని ఎవరో గట్టిగా అరిచారు. రెండు నెలల క్రితం అయితే ఆ అరిచేది తానే అయ్యేవాడని భానుతేజకి తెలుసు. పెద్దాయన అందరూ కదిలేదాకా అక్కడే నిలబడి, అడిగిన ప్రతివాళ్లకీ అదే జవాబు చెప్పారు. మధ్యాహ్నానికి చాలామంది హైవే దాటి గౌతమీ విహార్‌లోకి వెళ్లిపోయారు.

తర్వాత ఆయనే శ్యాంబాబుకి ఫోన్ చేశారు. ఏం మాట్లాడుకున్నారో భానుతేజ వినలేదు. రెండు రోజుల తర్వాత విశాఖపట్నం నుంచి పరీక్ష చేసే ఇంజనీరు వచ్చాడు. భానుతేజ సెలవు పెట్టి వెళ్లాడు. షెడ్డులో నాలుగో బోగీ ఇరుసు విప్పి బల్ల మీద పెట్టారు. శ్యాంబాబు దాన్ని కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో బాగా తుడిచాడు. ఇంజనీరు ఎర్రటి ద్రవం పూశాడు. కాసేపాగి దాన్ని తుడిచేసి తెల్లటి పొడి చల్లాడు. పగులుంటే లోపలికి దిగిన ఎరుపు తెలుపు మీద గీతలా పైకి వస్తుందని చెప్పాడు.

నలుగురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కుక్కుటేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఇరుసు తెల్లగానే ఉంది. ఎక్కడా గీత రాలేదు.

"ఏమీ లేదండి. బాగానే ఉంది," అన్నాడు ఇంజనీరు.

భానుతేజ తలదించుకున్నాడు. పెద్దాయన ముఖం వంక చూడలేకపోయాడు. ఆయన మొదట ఊపిరి వదిలారు. ఆ తర్వాత గొంతు పెరిగింది.

"ఏమీ లేదు కదా శ్యాంబాబు గారూ? మరి ఆదివారం పూట అంతమందిని వెనక్కి పంపించాం. అన్ని మాటలు పడ్డాం. దీనికోసమా?"

"ఆదివారం మనకి తెలీదండి," అన్నాడు శ్యాంబాబు. "ఇవాళ తెలిసింది."

శ్యాంబాబు వంగి ఇరుసు అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కనున్న బేరింగు చేతిలోకి తీసుకుని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "చప్పుడు దీన్లోంచి అయ్యుంటుంది. అరిగింది. పెద్ద ప్రమాదమేం కాదు. మార్చేస్తే సరిపోతుంది. నా అనుమానం తప్పే. తప్పయినందుకు నాకు సంతోషంగానే ఉందండి."

కుక్కుటేశ్వరరావు గారు ఆ బేరింగు అందుకుని తానూ తిప్పి చూశారు. చివరికి, "మీరు మళ్లీ రండి," అన్నారు.

"చెరువుల వాళ్లకి ఈ వారం మాటిచ్చానండి. సోమవారం వస్తాను. కానీ ఎప్పుడు ఆపాలో నన్ను ఎవరూ అడగకూడదు."

"అడగను. కానీ జనానికి మీరే చెప్పాలి. గాలి ఉందని ఒక్క ముక్క అనేసి ఊరుకోకూడదు."

"మాట్లాడ్డం రాదండి నాకు."

"నేను రాసిపెడతాను," అన్నాడు భానుతేజ. అడగకుండానే నోట్లోంచి వచ్చేసింది. శ్యాంబాబు అతని వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో క్షమ ఉందో లేదో భానుతేజకి తెలియలేదు.

ఆ రాసిపెట్టిన బోర్డు టికెట్ కౌంటరు పక్కన, డబ్బు కట్టకముందే కనబడేలా పెట్టారు. గరుడ ఆగితే ఎందుకు ఆగిందో, ఎప్పుడు తిరగొచ్చో దాని మీద ఉంటుంది. భానుతేజ గ్రూపులో జరిగిందంతా తన తప్పుతో సహా రాశాడు. కొందరు మెచ్చుకున్నారు. కొందరు, పగులు లేదుగా, నువ్వు మొదట రాసిందే కరెక్టు అన్నారు. వాళ్లతో అతను వాదించలేదు. ఆ పోస్టుని మెచ్చుకున్నందుకు సిగ్గుపడో ఏమో, ఉదయ్‌భాస్కర్ వారం రోజులు మాట్లాడలేదు. తబిత మాత్రం ఫోన్ చేసి, "శ్యాంబాబు గారి ఆవిడని చూశావా? ఎలా ఉన్నారు?" అని అడిగింది. అంతవరకూ ఆ ప్రశ్న వేసినవాళ్లు ఎవరూ లేరు.

పార్కు పెద్దగా కోలుకోలేదు. జూలైలో వానలకి గరుడ చాలా రోజులు ఆగింది. హైవేకి అవతల బస్సులు ఎప్పటిలాగే బారులు తీరాయి.

ఆ వానలకి ముందు, కొత్త బేరింగులు వేసిన రోజున భానుతేజ అక్కడే ఉన్నాడు. మొదట ఇసక బస్తాలు సీట్లలో కట్టి మూడుసార్లు తిప్పారు. శ్యాంబాబు రెండో మలుపు కింద నిలబడి కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత బస్తాలు దింపించి, తాను ఒక్కడే నాలుగో బోగీలో కూర్చున్నాడు. బుల్లబ్బాయి కడ్డీ బిగించాడు. బండి పైకెళ్లి, దూకి, రెండు మలుపులూ తిరిగి వచ్చింది. శ్యాంబాబు దిగి, తూలకుండా మెట్టు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మంచినీళ్లు తాగాడు.

"ఇక రమ్మనండి," అన్నాడు.

మెట్ల కింద పదకొండు మంది ఉన్నారు. బుల్లబ్బాయి గొలుసు తీశాడు.