పుష్కర జలం పోసిన కంప్యూటర్

2004 సెప్టెంబరు 19, ఆదివారం. వినాయక చవితి మర్నాడు. పొద్దున్న మూడు ఉండ్రాళ్ళు, ఇంత కొబ్బరి పచ్చడి వేసుకుని తిన్నాను. అవీ పక్క వాటా వాళ్ళు పంపినవే. నా భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. చెయ్యి కడుక్కుంటూ ఉండగా నా బావమరిది కాంతారావు ఫోన్ చేశాడు. మిషన్ ఆగిపోయింది, ఉన్నపళంగా రమ్మన్నాడు.

గుడివాడలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసి, మిక్సింగ్ చేసి సీడీలు ఇచ్చే దుకాణం అతనిది. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. వేసవి ముహూర్తాల కాసెట్లు పేరుకుపోయి, కంప్యూటర్ వేగం చాలడం లేదని అతను గోల పెడితే, ప్రాసెసర్‌ని మామూలు వేగం కన్నా కాస్త ఎక్కువ నడిపే ఏర్పాటు నేనే చేసి పెట్టాను. వేగం పెంచితే వేడి పెరుగుతుంది, దానికి ఫ్యాను చాలదు. అందుకని బందరులో రోల్డ్‌గోల్డ్ పని చేసే సాయిబాబు చేత, లోపల నీళ్ళు తిరిగే దారులున్న రాగి దిమ్మ ఒకటి చేయించి ప్రాసెసర్ మీద బిగించాను. చేపల తొట్టెలో వాడే పంపు, పాత కారు హీటర్‌లో రేడియేటర్, ప్లాస్టిక్ గొట్టాలు, వాటిని కలిపే ఇనప నిపుల్ ఒకటి. రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్ వేగాన్ని ఒక్కో మెట్టే ఎక్కిస్తూ, మెట్టు మెట్టుకీ రెండేసి గంటలు నడిపి వేడి చూసుకుంటూ, రెండు పాయింట్ ఎనిమిది దగ్గర ఆపాను. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్ళు పోయవద్దని, వేగం అంకె మార్చవద్దని అట్టముక్క మీద రాసి డబ్బాకి అంటించాను.

నేను వెళ్ళేసరికి దుకాణంలో బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు నాంచారమ్మ. నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున ఉండే పల్లె. మే నెలలో కూతురి పెళ్ళి చేసింది. జూలైలో భర్త చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆయన కదులుతూ కనబడేది ఆ పెళ్ళి వీడియోలోనే. దానికోసం తిరగడం ఇది నాలుగోసారి. కరెంటు వాళ్ళ వల్ల మిషన్ కాలిపోయిందని కాంతారావు ఆవిడకి అప్పటికే చెప్పేశాడు.

కెమెరా కాసెట్ ఏదని అడిగాను. అతను నా మొహం చూడలేదు. మిషన్‌లోకి ఎక్కించాక ఆ కాసెట్ మీదే పుష్కరాలు తీశాడట. కేబుల్ టీవీ వాళ్ళకి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో స్నానాలు కావాలన్నారట. అంటే ఆ మనిషి ఇక మిగిలింది హార్డ్‌డిస్క్‌లో మాత్రమే.

మూత తీశాను. ఎండురొయ్యల పొట్టు తడిసి నాలుగు రోజులు మూలనపడితే వచ్చే కంపు గదంతా కొట్టింది. గొట్టాల లోపల పచ్చటి పాకుడు. రాగి దిమ్మ చుట్టూ నీలం పొక్కులు. ఇనప నిపుల్ తుప్పు తిని, దాని కింద నుంచి జిగురు చుక్కలు సాగుతూ సరిగ్గా హార్డ్‌డిస్క్ మీద పడుతున్నాయి. డిస్క్ అడుగున ఉండే పచ్చటి సర్క్యూట్ పలక మీద తెల్లటి చార కట్టింది. వేలికి అంటిన జిగురు ఎంత తుడిచినా పోలేదు. తిన్న ఉండ్రాళ్ళు గొంతులోకి వచ్చాయి.

"ఏం నీళ్ళు పోశావయ్యా?"

"పుష్కర తీర్థం బావగారూ. సంగమం దగ్గర స్వయంగా పట్టుకొచ్చా. వట్టి బ్యాటరీ నీళ్ళకన్నా మంచిదని, కొబ్బరికాయ కొట్టి మరీ పోశా."

అంకె కూడా మూడు పాయింట్ రెండుకి మార్చాడు. రాసి అంటించిన అట్ట అలాగే ఉంది. దాని మీద కుంకం బొట్టు పెట్టి ఉంది.

గొట్టాల్లో మిగిలిన నీళ్ళు నేను బకెట్‌లోకి వంచబోతే కాంతారావు అడ్డుపడ్డాడు. తీర్థం కింద పొయ్యకూడదన్నాడు. స్టీలు గ్లాసులో పట్టి, ఆ పచ్చటి జిగురు నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. ఒక పాకుడు తీగ అతని చెవి మీదుగా జారింది. అంతటితో ఊరుకోక గ్లాసు నాంచారమ్మ దగ్గరికి తీసుకువెళ్ళి, మీవారి ఆత్మకి శాంతి, కాస్త జల్లుకోమ్మా అన్నాడు. బావమరిది అని ఇన్నేళ్ళూ సర్దుకుపోయిన నాకు, ఆ క్షణంలో ఆ మనిషితో ఒకే గదిలో గాలి పీల్చడం కూడా రోత అనిపించింది. ఈ డబ్బా కట్టిన చేతులు నావే అన్నది అంతకన్నా రోతగా ఉంది.

ఆవిడ చల్లుకోలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని దించింది.

"సంగమం నీళ్ళంటే ఉప్పు నీళ్ళే కదండీ. ఇనుముని తినేస్తాయి," అంది. తరవాత నేను విప్పి చేతిలో పట్టుకున్న డిస్క్ వైపు చూసింది. "మా బోటు ఇంజన్లు సముద్రంలో పడితే ఆరబెట్టం మేస్టారూ. ముందు మంచినీళ్ళతో కడుగుతాం. ఉప్పు ఎండిందంటే ఇంక వదల్దు. కడిగాకే ఎండ."

నేను అప్పటికే దాన్ని ఫ్యాను కింద పెట్టబోతున్నాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి. ఆ మాట నాకు తట్టలేదు.

డిస్క్‌కి ఉన్న చిన్న స్క్రూలు విప్పి, పచ్చ పలక ఒక్కదాన్నే విడదీశాను. లోపల వీడియో నిలవుండే పళ్ళేల భాగానికి తడి తగలలేదు. అదొక అదృష్టం. పలకని డిస్టిల్డ్ వాటర్‌లో మూడుసార్లు, స్పిరిట్‌లో ఒకసారి మెత్తటి బ్రష్‌తో కడిగాను. నాంచారమ్మ పక్కన నిలబడి, ఇంకోసారి, ఇంకోసారి అంటూనే ఉంది. కాంతారావు భార్య ఇందిర దాన్ని పళ్ళెంలో పెట్టి, పల్చటి గుడ్డ కప్పి మేడ మీదికి తీసుకువెళ్ళింది. వడియాలకి కూర్చున్నట్టు కర్ర పట్టుకుని కాకులు రాకుండా కూర్చుంది. వారం రోజులుగా ముసురు. ఆ మధ్యాహ్నం మాత్రం నాలుగు గంటలు గట్టిగా ఎండ కాసింది.

సాయంత్రం పలక బిగించి, లెక్కలకి వాడే పాత కంప్యూటర్‌కి డిస్క్ తగిలించాను. మొదటిసారి తిరగలేదు. కనెక్టర్ మళ్ళీ తుడిచి పెట్టాను. రెండోసారి సన్నగా గిర్రుమంది.

పెళ్ళి మూడు గంటలు. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు, ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తా, స్టేజీ మీద పూల డెకరేషన్, అన్నీ తీరిగ్గా తీశారు. పెళ్ళికూతురి తండ్రి కనబడింది మొత్తం పదకొండు సెకన్లు. అదీ ఎవరో బంధువుకి అడ్డొచ్చాడని పక్కకి జరగమంటే, తలపాగా సర్దుకుంటూ నవ్వి జరుగుతున్నప్పుడు. ఎవరిని చూపించాలో కూడా తెలియని కెమెరా. 

"అక్కడే," అంది నాంచారమ్మ. "మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టాను. తరవాత మౌస్ ఎక్కడ నొక్కాలో ఆవిడకే చూపించాను. ఈలోగా మూడు సీడీలు రాయడానికి ఫైలు సిద్ధం చేశాను. అవతల వేగం పెంచిన డబ్బా నోరు తెరుచుకుని పడి ఉంది. ఈ పాత మిషన్ మీద సీడీలు తెల్లారేసరికి అవుతాయి.

కాంతారావు నీళ్ళు పోసుకుని, విభూతి పెట్టుకుని వచ్చాడు.

"చూశారా, పుష్కర జలం కాబట్టే ఈ మాత్రం దక్కింది," అన్నాడు. "రేపు ఆ నిపుల్ మారిస్తే మూడు పాయింట్ రెండు లాగొచ్చు కదా?"

 రాగి దిమ్మ విప్పి గుడ్డలో చుట్టి నా సంచిలో వేసుకున్నాను. ప్రాసెసర్‌కి మొదట ఉన్న ఫ్యాను యథాస్థానంలో బిగించాను. ఇక నీ మిషన్ ముట్టుకోనని మాత్రం చెప్పాను. అతను నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు.

అవనిగడ్డ బస్సు వెళ్ళిపోయిందని ఇందిర నాంచారమ్మకి చాపా దుప్పటీ తెచ్చి ఆ గదిలోనే వేసింది. అన్నం, మజ్జిగ గిన్నె పక్కన పెట్టింది. ఆవిడ తెర వైపు నుంచి చూపు తిప్పలేదు. గుమ్మం దాకా వచ్చిన కాంతారావు, రాత్రికి ఆ కంప్యూటర్ మీద బిల్లులు కొట్టుకోవాలన్నాడు.

 ఇందిర అతన్ని బయట ఉంచి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.