గరిటెడు కూర

పెద్ద గిన్నెలో కూర కుతకుతా ఉడుకుతోంది. ఆవిరి మొహాన కొట్టగానే వంటావిడకి కళ్లు బైర్లు కమ్మాయి. గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. ఫ్యాక్టరీ భోజనాల గంట కొట్టే వేళవుతోంది. రెండు వారాలుగా ఆమె కడుపులోకి వెళ్తున్నది పలచటి ద్రవాలే. ఇవాళైతే ఉత్త నీళ్లు. రేపు పొద్దున్నే బరువు తగ్గే ఆపరేషన్.

"కూర్చో అక్కా, నేను కలుపుతాలే," అంటూ గిన్నెలు తోమే ఆవిడ దగ్గరికొచ్చింది. "ఉన్న కడుపుని కోయించుకోవడమేంటి చెప్పు? మా తోడికోడలి చెల్లెలు ఇలాగే నవ్వుతూ లోపలికెళ్లి..." అని నాలిక్కరుచుకుంది.

"వెళ్లి?"

"ఏం లేదులే. బానే ఉంది."

 వంటావిడకి మళ్లీ అడిగే ధైర్యం చాల్లేదు.

ఆమెని చూసిన ప్రతివాళ్లూ తిండిపోతనే అనుకుంటారు. నిజానికి ఈ క్యాంటీన్‌లో ఆమె కూర్చుని తిన్న రోజు లేదు. పొద్దున్నించీ నిలబడి ప్రతి గిన్నె రుచీ చూడటం, అందరూ తిన్నాక అడుగున మిగిలిన నూనె ముద్ద గబగబా మింగడం. ఆ మిగులుకి కూడా జీతంలో భోజనం కింద కోత పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒళ్లు పెరిగింది, మోకాళ్లు అరిగాయి, షుగరొచ్చింది. ఈమధ్య నిద్రలో ఆమె ఊపిరి ఆగిపోతుంటే, దర్జీ పని చేసి అలిసిపోయిన మొగుడు ఉలిక్కిపడి లేచి భుజం పట్టి కుదుపుతున్నాడు. ఇలాగే వదిలేస్తే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. ఆపరేషనంటే మత్తు ఇవ్వాలి, ఆ ఊపిరితో మత్తంటే అదీ కాస్త ప్రమాదమేనన్నాడు. కడుపు ఖాళీగా రాకపోతే అసలు ముట్టుకోనని గట్టిగా చెప్పాడు.

పొద్దున జడ వేయించుకుంటూ కూతురు అడిగింది.

"అమ్మా, నిన్ను నిద్రపుచ్చుతారంట కదా. లేపడం మర్చిపోతే?"

"మీ నాన్న బయటే ఉంటారుగా. గుర్తుచేస్తారు," అని నవ్వేసింది. మిషన్ తొక్కుతున్న మొగుడు మాత్రం నవ్వలేదు. కూతురు బడికి వెళ్లాక బీరువాలో దాని బట్టలన్నీ ఎక్కడెక్కడున్నాయో అతనికి చూపించింది. "ఇవన్నీ ఇప్పుడెందుకే?" అన్నాడతను. 

వెనకనించి క్యాంటీన్ మేనేజరు గొంతు వినపడి, గిన్నె ముందు నిలబడ్డ ఆమె ఉలిక్కిపడింది. పక్కన ఫ్యాక్టరీ యజమాని కూడా ఉన్నాడు.

"ఈమేనండీ. నిన్న రుచి చూసి తొట్లో ఉమ్మేసింది. నా కళ్లారా చూశాను. తను వండింది తనకే సయించకపోతే మనవాళ్లెలా తింటారు?"

"అది కాదు సార్. డాక్టరుగారు ఏమీ మింగొద్దన్నారు. రేపే ఆపరేషన్, సెలవు కూడా అడిగాను కదా."

"అడిగావు. నేనిచ్చానా?" అంటూ మేనేజరు గిన్నెలోంచి గరిటెడు కూర తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. "ముందిది తిను. మింగు. సెలవు సంగతి తర్వాత చూద్దాం. నువ్వు లేకపోతే ఇంకొకరు దొరకరనుకోకు."

కూర వాసనకి ఆమె నోరూరింది.  ఒక్క గుటకే కదా. మింగేస్తే ఉద్యోగం నిలబడుతుంది, తిన్నానని చెబితే డాక్టరు ముట్టుకోడు, ఆ మత్తు గది కూడా తప్పిపోతుంది. భయం పోతుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా తోచిందంటే, చెయ్యి దానంతటదే లేవబోయింది.

పక్కలో ఉలిక్కిపడి లేచే మొగుడి మొహం కళ్లముందు మెదిలింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది.

"తినను సార్."

"ఏంటీ?"

"తినను. రుచి కావాలంటే మీరే చూడండి."   ఆమె పక్కకి జరగలేదు.

గిన్నెలు తోమే ఆవిడ నీళ్ల పంపు కట్టేసింది. యజమాని మేనేజరు వైపు చూశాడు. బయట గంట కొట్టారు. కంచాలు పట్టుకుని జనం కిటికీ దగ్గరికి వస్తున్నారు. మేనేజరు చేతిలో గరిటె గాల్లో అలాగే ఉండిపోయింది. దాని అంచు నుంచి కూర ఒక్కో బొట్టే నేల మీద పడుతోంది.