మొదటి ముంత

కల్లంగడి వెనక చావిడిలో ఆదిమూలం కర్రతో కుండలో కలుపుతున్నాడు. ఈతకల్లు చాలదు, సగం నీళ్లే. ఆ నీళ్లతో మత్తెక్కాలంటే మందు పడాలి. పాతమందు కనబడితే అబ్కారీవాళ్లు అంగడికి తాళం వేస్తున్నారని, యజమాని దేవరాజులు తమిళనాడు సరిహద్దులోని తడ మీదుగా కొత్త మందు డబ్బా తెప్పించాడు. తెల్లటి పొడి, వాసన లేదు.

"ఇదేం మందన్నా?"

"యాడో ఫ్యాక్టరీలో చేసినారంట. ఇంగా పేరే పెట్టలేదంట. పేరు లేనిదాన్ని యా సట్టంలో రాస్తార్రా? తాగి సూడు."

పొడి కుండలో కలిపి ఆదిమూలం తాగాడు. నాలుక కొసన కాస్త చేదు తగిలింది, అంతే. "సప్పగా ఉండాదన్నా," అన్నాడు. దేవరాజులు కుండలో మరికాస్త పొడి ఒంపాడు. ఈసారి కనురెప్పలు ఎప్పటిలాగే బరువెక్కాయి.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు ఆదిమూలం.

మీసం రాని వయసు నుంచీ కల్లు కలిపి రుచి చూడడమే అతని పని. అతను పూర్తిగా మేలుకుని ఉండగా పెళ్లాం గురవమ్మ ఏనాడూ చూడలేదు. "నా మొగుడు నడస్తానే నిద్రపోతాడు," అని ఇరుగుపొరుగుతో నవ్వేది.

కుండ అంగడి ముందుకు వచ్చింది. గోడవార కూర్చున్నవాళ్లెవరూ చెయ్యి చాపలేదు. పక్క ఊళ్లో కల్తీకల్లుకు మనుషులు పోయినప్పటినుంచీ కట్టుబాటు అది: మొదటి ముంత ఆదిమూలం తాగాలి, అందరూ చూడాలి.

అతను గటగటా తాగి ముంత బోర్లించాడు.

"ఉండావా, పోయినావా అబ్బా?" అన్నాడు కార్వేటినగరం నేతగాడు ఏకాంబరం. నేసిన చీరలు అప్పజెప్పిన రోజున మాత్రమే వస్తాడతను.

"నేను పోతే నీకు పోసేదెవురప్పా?"

అందరూ నవ్వారు. ముంతలు నిండాయి.

మధ్యాహ్నం ఎండ గుమ్మం దాటేసరికి అంగడిలో మాటలు ఆగిపోయాయి. ఒకడు వీధిలో కక్కుతున్నాడు. ఏకాంబరం గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆదిమూలం వెళ్లి భుజం తట్టాడు.

"లెయ్యప్పా, బస్సుకు టైమయ్యింది."

ఏకాంబరం తల గోడ వెంట మెల్లగా జారింది. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు. చేతిలో ముంత సగమే తాగి ఉంది.

ఆదిమూలానికి అప్పుడు అర్థమైంది. పొద్దున చప్పగా తోచింది కల్లు కాదు, ఇన్నేళ్ల మందుకు మొద్దుబారిన తన ఒళ్లు.

కానిస్టేబుల్ వచ్చి డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మాకు పట్టుకోమన్న సరుకు కాదే," అన్నాడు.

"కల్లులో ఏమన్నా ఉంటే ముందు వీడు పోవల్ల గదా సార్? సూడండి, ఎట్ల నిలబడుండాడో!" దేవరాజులు ఆదిమూలాన్ని రెక్క పట్టుకుని ముందుకు లాగాడు.

"నాకు అలవాటు సార్," అన్నాడు ఆదిమూలం. "నా ఒంటికి తెలీదు సార్. నన్ను సూసే తాగినాడు..."

"తాగుబోతు మాటలు సార్," అన్నాడు దేవరాజులు. కానిస్టేబుల్ తలూపి, శవాన్ని బండెక్కించమన్నాడు.

ఏకాంబరం కూర్చున్నచోట ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం విప్పి ఉంది. తిన్నవాటి పొట్టు మాత్రం ఎవరి కాలికీ తగలకుండా గోడ మూలకు కుప్పగా నెట్టి ఉంది.